కామేశ్వరి మేడం రాసిన రెండు బిల్లులు

నిన్న సాయంత్రం కోర్టు నుంచి ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్తుంటే చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. టాపు లేని జీపు మీద మెడ నిండా దండలతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ముందు బ్యాండు మేళం, దానికి ముందు రోడ్డు పొడవునా పరిచి వెలిగించిన టపాసుల లడీ. కాలిన మందు వాసన స్టేషన్ మెట్ల దాకా వచ్చింది. ఏదో పోటీలో పతకం గెలిచి ఇంటికొస్తోందట. అందరూ ఆ పిల్ల ముఖం చూస్తుంటే నేను మాత్రం జీపు చుట్టూ ఎగురుతున్న మగవాళ్ళ చేతులు చూశాను. ఫోన్లు, జెండాలు, ఒకాయన చేతిలో కొబ్బరి బొండం. ఇంకేమీ లేవని నమ్మకం కుదిరాకే చప్పట్లు కొట్టాను. కామేశ్వరి మేడం దగ్గర పనిచేసిన రోజుల్లో అంటుకున్న అలవాటు ఇది. మేడం పోయి రెండేళ్ళవుతోంది. అలవాటు పోలేదు.

మేడం ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. ఆవిడ పేరు ఏ పేపర్లోనూ రాలేదు. సర్వీసంతా ప్రభుత్వంలో చట్టాల ముసాయిదాలు రాసి, రిటైరయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాత బిల్డింగు మొదటి అంతస్తులో ఆఫీసు తెరిచారు. ఊరు తెనాలి దగ్గర. ముప్పై ఏళ్ళు హైదరాబాదులో ఉన్నా మాట మాత్రం ఆ ఊరిదే. నేను నకిరేకల్ వైపు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నాను అప్పుడు. కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్ని. ఆఫీసుకి కింద, పైన, పక్కన అన్నీ కంప్యూటర్ కోచింగ్ సెంటర్లే. ఆ బోర్డుల మధ్య మా బోర్డు ఎవరికీ కనబడేది కాదు. రోజుకి ఒకరిద్దరైనా పొరపాటున తలుపు తోసుకొచ్చి "మేడం, ఇక్కడ జావా చెప్తరా?" అని అడిగేవారు. నేనైతే విసుక్కునేదాన్ని. మేడం మాత్రం వాళ్ళని వదిలేవారు కాదు. "జావా సంగతి తర్వాత చూద్దాం బాబూ, ముందు ఈ నాలుగు లైన్లు చదువు. ఏమర్థమైందో చెప్పి వెళ్ళు," అని ఆ రోజు రాసిన ముసాయిదా చేతిలో పెట్టేవారు. పాపం ఆ పిల్లలు ఎంసెట్ ప్రశ్న చదివినట్టు భయపడుతూ చదివేవారు. వాళ్ళకి అర్థం కాకపోతే కాగితం చింపేసి మళ్ళీ మొదటి నుంచి రాసేవారు మేడం.

ఏదైనా ముందు తెలుగులోనే రాసుకోవడం ఆవిడ పద్ధతి. ఇంగ్లీషు తర్వాత. తెలుగులో చెప్పలేని సంగతిని ఇంగ్లీషులో రాస్తే అది రాయడం కాదు, దాచడం అనేవారు. చేరిన మొదటి వారంలో నేనొక ముసాయిదాలో "దుకాణాలు, హోటళ్ళు వగైరా" అని రాశాను. మేడం కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశారు. "వగైరా ఎవరమ్మా? ఎక్కడుంటాడు? రేపు జరిమానా అతనికే పడుతుంది, అతనికి చెప్పావా?" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. చట్టం ఎవరి మీద పడుతుందో వాళ్ళని ఒక్కసారైనా కళ్ళారా చూసి రాయాలన్నది ఆవిడ పట్టుదల. ఆ పట్టుదల ఎంత గట్టిదో శ్రీశైలం అనే ఆటగాడి బిల్లు వచ్చినప్పుడు తెలిసింది.

ఒక ఎంపీగారు పార్లమెంటులో సొంతంగా ప్రైవేటు బిల్లు పెట్టాలనుకుని మేడంకి కబురు చేశారు. శ్రీశైలం అబ్దుల్లాపూర్‌మెట్ వైపు కుర్రాడు. దేశం తరఫున కబడ్డీ ఆడి గెలిచి వచ్చాడు. ఊళ్ళో ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపులో అతని మేనమామ జంగయ్య, చేలో అడవిపందుల కోసమని లైసెన్సు తీసుకున్న తుపాకీ తెచ్చి సంబరంగా గాల్లోకి పేల్చాడు. రెండోసారి పేల్చబోతుంటే జనం తోపులాటలో గొట్టం కిందికి వాలింది. తుపాకీ పేలి సీసపు రవ్వలు జీపు మీదున్న శ్రీశైలం మోకాల్లోకి దిగాయి. ప్రాణం దక్కింది గానీ మళ్ళీ గీత దాటి కూతకు వెళ్ళలేకపోయాడు. జంగయ్యకి శిక్ష పడింది, అనుభవించి వచ్చాడు. ఇప్పుడు ఎంపీగారి ఆలోచన ఏమిటంటే, ఊరేగింపుల్లో, పెళ్ళిళ్ళలో తుపాకులు తేవడాన్ని దేశమంతటా కట్టడి చేసే చట్టం ఒకటి రావాలి, దానికి శ్రీశైలం పేరు పెట్టాలి. వీరుడికి గౌరవమూ దక్కుతుంది, తుపాకులూ తగ్గుతాయి. నాకు చాలా నచ్చింది. ఆ పేరుంటే దేశమంతా మాట్లాడుకుంటుందనిపించింది.

మేడం రెండు రోజుల్లో ముసాయిదా రాసేశారు. రాశాక, శ్రీశైలాన్ని ఒకసారి పంపమని అడిగారు. ఎంపీగారి మనిషి ఫోన్లో ఆశ్చర్యపోయాడు. "గాయనెందుకు మేడం? మెచ్చుకునే బిల్లే గదా!" అన్నాడు. "పేరు ఆయనదే కదండీ," అని మేడం ఫోన్ పెట్టేశారు.

శ్రీశైలం ఒక మధ్యాహ్నం వచ్చాడు. మంచి పొడగరి. మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకున్నాడు గానీ ముఖంలో ఎక్కడా దిగులు లేదు. ఊళ్ళో పిల్లలకి కబడ్డీ నేర్పుతున్నాడట. మేడం చదవమని కాగితం ఇచ్చారు. మొదటి వాక్యమే అరపేజీ ఉంది. అతను ఎక్కడా ఆగకుండా ఒకే ఊపిరిలో చదివేసి తలెత్తాడు. మేడం పకపకా నవ్వారు. "చెడుగుడు ఆడినవాడివి గనక నెగ్గావయ్యా, మామూలు మనిషైతే మధ్యలోనే పోయేవాడు," అని ఆ వాక్యాన్ని అక్కడే మూడు ముక్కలు చేశారు. అతనూ నవ్వాడు. తర్వాత కాగితం మడిచి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"మేడం, పెద్దోళ్ళు, కోపం చెయ్యొద్దు. నా పేరు తుపాకి పక్కకెందుకు? నేను కబడ్డి ఆడినోణ్ణి."

"ఆ పేరు దేశమంతా నిలిచిపోతుంది కదయ్యా," అన్నారు మేడం.

"నా పేరు నిలుస్తది మేడం. ఆ పేరెందుకు పెట్టిన్రని అడిగితె మా మామ పేరు చెప్తరు గదా. రేపు నా పిల్లలు చదువుకుంటరు. ఫలానా జంగయ్య మేనల్లుని కాల్చిండని చదువుకుంటరు."

"కాల్చింది నిజమే కదా మరి?"

"నిజమే. నాకు కూత నేర్పింది గూడ నిజమే. మా నాయిన పోయినంక అమ్మను, నన్ను తెచ్చి ఇంట్ల పెట్టుకున్నడు. పొద్దుగాల్నే లేపి చెల్క గట్ల మీద ఉరికిచ్చిండు. ఇప్పుడు నేను కుంటుకుంట నడుస్తుంటె సూడలేక ఇంకో అర్రలకు పోతడు. గ్రౌండు దిక్కే రాడు. కాల్చింది మీరు రాసిన్రు. గిదంత ఎవ్వలు రాస్తరు మేడం?"

మేడం నా వైపు తిరిగారు. "మంజులా, టీ చెప్పమ్మా," అన్నారు. టీ వచ్చింది, తాగారు, ఆ ముసాయిదా మీద అడ్డంగా గీత కొట్టేశారు. "మీరు వెళ్ళి రండి. మీ పేరు తుపాకీ పక్కన ఉండదు," అన్నారు అతనితో. అతను ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోతే మోకాలు వంగదని గుర్తొచ్చి మేడమే చప్పున లేచి చేతులు పట్టుకున్నారు.

ఆ సాయంత్రం ఎంపీగారే ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టడం వల్ల నాకూ వినిపించింది. "పేరు లేకుంటె గీ బిల్లు ఎవలు పట్టించుకుంటరమ్మా? పేపరోళ్ళు గూడ రాయరు," అన్నారాయన.

"రాయకపోతే మానెయ్యనివ్వండి. పేరు మనది కాదు. రెండు బిల్లులు చేస్తాను. ఒకటి తుపాకుల మీద, అందులో ఎవరి పేరూ ఉండదు. ఒకటి ఆటగాళ్ళని గౌరవించడానికి, దానికి ఆ అబ్బాయి పేరు పెట్టుకోండి."

"రెండు బిల్లులంటె నేను సభల రెండుసార్లు లేవాలె."

"లేవండి మరి. కూర్చుని చేసే పని కాదు కదండీ మీది."

ఎంపీగారు మంచి మనిషి, గట్టిగా నవ్వేశారు. మీ ఇష్టమమ్మా అని ఒప్పుకున్నారు. ఇలాంటి బిల్లులు సాధారణంగా చట్టాలయ్యే దాకా వెళ్ళవు. పెట్టడమే, చర్చకు రావడం కూడా అరుదు. ఆ మాటే అన్నాను మేడంతో, పాస్ కానిదానికి ఇంత పరేషాన్ ఎందుకని. "పాస్ కాకపోయినా రాసింది రాసినట్టే ఉంటుందమ్మా. ఆయన చదువుతాడు కదా," అన్నారు. ఆయన అంటే శ్రీశైలం అనుకున్నాను నేను.

తుపాకుల బిల్లు తొందరగానే అయింది. పేరు తీసేశారు గానీ పదును తగ్గించలేదు. లైసెన్సున్న తుపాకీని పెళ్ళికి గానీ, ఊరేగింపుకి గానీ, సన్మానానికి గానీ తెస్తే చాలు, పేల్చకపోయినా లైసెన్సు పోతుంది. పేలిస్తే శిక్ష. కింద ఒక చిన్న వాక్యం: సంతోషంతో పేల్చానని చెప్పడం వల్ల తప్పు తగ్గదు. గౌరవం బిల్లు దగ్గరే చాలా రోజులు పట్టింది. దేశానికి ఆడి, దెబ్బ తగిలి ఆటకు దూరమైన వాళ్ళని ఏటా ఒక వేదిక మీద గౌరవించాలన్నది అసలు సంగతి. వాళ్ళతో పాటు కోచ్‌ని కూడా గౌరవించాలని నేను రాశాను. మేడం 'కోచ్' కొట్టేశారు. "కోచ్ అంటే సర్టిఫికెట్ అడుగుతారు. గట్ల మీద పరిగెత్తించినవాడికి సర్టిఫికెట్ ఎవడిస్తాడు?" అని, ఆట నేర్పినవారు అని మార్చారు. అది ఎవరో చెప్పాల్సింది ఆటగాడే అని కూడా చేర్చారు.

ఆ మర్నాడు ఒక కుర్రాడు జావా కోసం వచ్చి మాకు దొరికాడు. మిర్యాలగూడ పిల్లవాడు. ఆ నాలుగు లైన్లు రెండుసార్లు చదివి బుర్ర గోక్కున్నాడు. "మంచిగుంది మేడం. గానీ ఆ నేర్పినాయన మీద కేసుంటె? స్టేజి ఎక్కనిస్తరా?" అని అడిగాడు. మేడం నా వైపు చూశారు, నేను మేడం వైపు చూశాను. ఇద్దరం అన్ని రోజులు తలలు బద్దలు కొట్టుకున్నా ఆ కన్నం కనబడలేదు మాకు. ఆ పిల్లవాడికి టీ, ఉస్మానియా బిస్కట్లు ఇప్పించి, మూడో అంతస్తులో జావా బాగా చెప్తారని కూడా చెప్పి పంపారు మేడం. తర్వాత ఇంకొక వాక్యం చేరింది: ఆటగాడు చెప్పిన వ్యక్తిని గతంలో పడిన శిక్ష కారణంగా కాదనకూడదు.

రెండు బిల్లులూ ఢిల్లీకి వెళ్ళే ముందు, మేడం శ్రీశైలానికి ఫోన్ చేసి మీ మామయ్యని తీసుకురండి అన్నారు. రాడని అతను, రావాలని ఈవిడ. చివరికి వచ్చాడు జంగయ్య. తెల్ల ధోవతి, భుజాన తువ్వాలు, నేల చూపులు. ఒకప్పుడు ఊరంతా వినబడేలా మాట్లాడేవాడట, ఆ రోజు కూర్చోమన్నా కుర్చీ అంచున కూర్చున్నాడు. మేడం ముందు తుపాకుల బిల్లు ఇచ్చారు. వేలు పెట్టి మెల్లగా చదువుకుంటూ పోయాడు. ఆ చిన్న వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది.

"గిది నా ముచ్చటే గదా అమ్మా?" అన్నాడు.

మేడం మాట మార్చుతారనుకున్నాను. చట్టం ఒక్కరి కోసం కాదండీ అని ఏదో ఓదార్పు చెప్తారనుకున్నాను. "అవునండీ. మీ ముచ్చటే," అన్నారు. శ్రీశైలం గోడ వైపు చూస్తున్నాడు. జంగయ్య తలూపాడు. "కరెక్టే రాసిన్రు. ఇట్లనే ఉండాలె," అని కాగితం తిరిగి ఇవ్వబోయాడు.

మేడం అది అందుకోకుండా రెండో బిల్లు ఆయన ముందు పెట్టారు. పేజీ తిప్పి, ఆట నేర్పినవారు అన్న చోట పెన్సిలుతో చూపించారు. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. ఆటగాడి పక్కనే నిలబెట్టి గౌరవించాలి, గతంలో పడిన శిక్ష కారణంగా కాదనకూడదు. ఆయన మేనల్లుడి వైపు తిరిగి, చాలా కాలం తర్వాత కాబోలు, నిండుగా చూశాడు.

"మరి గిది?" అన్నాడు.

"అదీ మీ ముచ్చటేనండి," అన్నారు మేడం. "రెండూ మీవే."

పెద్దాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. శ్రీశైలం లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. మా ఊళ్ళో ముచ్చటంటే సంగతి, మేడం ఊళ్ళో ముచ్చటంటే మురిపెం. ఆవిడ ఏ అర్థంలో అన్నారో నేను అడగలేదు.

అనుకున్నట్టే రెండు బిల్లులూ సభలో పెట్టారు, చర్చకు రాకుండానే సభ గడువు ముగిసింది. పేపర్లో ఎక్కడో నాలుగు లైన్లు వచ్చాయి. మేడం దానికి ఏమీ బాధపడలేదు. జంగయ్య మళ్ళీ గ్రౌండుకు వెళ్తున్నాడనీ, పిల్లల మీద కేకలేస్తూ శ్రీశైలాన్ని కూడా కసురుతున్నాడనీ తెలిసిన రోజున మాత్రం కొత్తపేట నుంచి అరకిలో జిలేబీ తెప్పించారు.

ఇప్పుడు నాది సొంత ఆఫీసు. నా దగ్గరికొచ్చేవాళ్ళు ఎక్కువగా ఎవరి మీదో కోపంతో వస్తారు. వాళ్ళ కోపం నిజమైనదే. అవతలి మనిషి చేసిన తప్పుని ఒక్క అక్షరం తగ్గించకుండా రాసిస్తాను, మేడం దగ్గర నేర్చుకున్న పదునుతోనే. రాయడం అయ్యాక ఇంకొక తెల్లకాగితం తీసి బల్ల మీద పెడతాను. "ఇప్పుడు ఆ తప్పు గాక ఆయన ఇంకా ఏమేం చేసిండో గూడ చెప్పమ్మా," అంటాను. కొందరు విసుక్కుని లేచిపోతారు. కొందరు ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెడతారు.