భూమితల్లికి మొదటి గుక్క

పెట్రోనా అవ్వకు నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. ఒరూరో అనే కొండఊరి గనుల్లో పుట్టి, రాళ్లగుట్టల మీద కూర్చుని సుత్తితో కొట్టి తగరం ఏరుకుంటూ పెరిగిన మనిషి. మొగుణ్ణి గని మింగింది, కూతుర్ని దగ్గు తీసుకుపోయింది. మిగిలింది మనవరాలు నైరా ఒక్కతే. గనుల పని శనిగ్రహం అవతలి రాళ్లకు మారినప్పుడు ఆ పిల్లను చంకనేసుకుని, వంటమనిషిగా 'సహామా' అనే అంతరిక్ష ఓడ ఎక్కేసింది. వెంట తెచ్చుకున్నవి ఎండబెట్టిన బంగాళాదుంపల మూట, ఊరి మట్టి నింపిన చెక్కపెట్టె.

ఆ పెట్టె భోజనాల గది మూలన ఉండేది. ఆ ఓడలో ఉచ్చ కూడా వడకట్టుకుని తాగాల్సిందే. అయినా సరే, నీళ్లయినా, పులియబెట్టిన మొక్కజొన్న కల్లయినా, ఏది తాగినా మొదటి గుక్క భూమితల్లిదే. పెట్టెలో ఒంపకుండా గ్లాసు నోటికెత్తిన వాడి వీపుకు అవ్వ గరిటె తగిలేది. మట్టిలోంచి దిగే నీళ్లకోసం ఓడ మేస్త్రీ సెవెరో పెట్టె కింద రేకు పళ్లెం పెట్టాడు. పళ్లెం నిండింది. తీసి వంపడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. తల్లికి ఇచ్చింది వెనక్కి తీసుకోవడమా!

"నిండితే ఇంగో పళ్లెం పెట్టుపో. మీ అత్తకు పెట్టిన కూడు మళ్లా లాక్కుంటావా ఏంది?" అంది అవ్వ.

"మా అత్త ఇంత తాగదులే అవ్వా," అని సెవెరో నవ్వేసి, ఆ సంగతే మరిచిపోయాడు.

నైరాకు పదిహేడేళ్లు వచ్చాయి. ఓడ తిరుగుదారి పట్టింది. ఒకరోజు అందరూ గంజి తాగుతుండగా, గాలి యంత్రాలు రెండింటిలో ఒకటి ఆగిపోయి గంటలు మోగాయి. నేలపలకల కింద దూరగలిగిన సన్నటి మనిషి నైరా ఒక్కతే. పాకుతూ పోయింది. లోపల గాలి పలచబడి చెవులు గుయ్యిమంటున్నాయి. భోజనాల గది కిందికి వచ్చేసరికి చేతికి తడి తగిలింది. గాలి యంత్రం తీగలు చిలుము పట్టి, ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. పైనుంచి బొట్టుబొట్టుగా కారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన మొక్కజొన్న వాసన.

చచ్చిపోతామన్న భయమంతా ఆ పిల్లకు కోపమైంది. పైకొచ్చి అందరి ముందూ అరిచింది.

"నీ వల్లనే అవ్వా! నీ మట్టి, నీ గుక్కలు! అందర్నీ సంపితివి గదా!"

అవ్వ చేతిలోని గరిటె కిందపెట్టేసింది. గంజి ఇంకా మిగిలుండగా ఆమె గరిటె వదలడం ఆ ఓడలో ఎవరూ అంతవరకు చూడలేదు.

సాయం వచ్చే ఓడ అందుకునేదాకా ఉన్న గాలి అందరికీ చాలదని సెవెరో తేల్చాడు. ఒకరు, మనిషిని గడ్డకట్టించి నిద్రపుచ్చే చలిపెట్టెలో పడుకుని ఊపిరి ఆపుకుంటే మిగిలినవాళ్లు గట్టెక్కుతారు. ఓడలో ఉన్న చలిపెట్టె ఒక్కటే, అదీ పాతది. వయసులో ఉన్నవాళ్లు లేస్తారు, ముసలి గుండె లేవడం కష్టం. అందుకని అవ్వను పక్కనపెట్టి, ఎవరి వంతో చీటీలు వేసినట్టు కోకా ఆకులు విసిరి చూద్దామన్నారు. నేనంటే నేనని వాదులాడుకుంటున్నారు. ఇంతలో అవ్వ కనబడలేదు.

వెతికితే చలిపెట్టెలోనే ఉంది. చెప్పులు బయట విడిచి, జడలు రెండూ గుండెల మీద వేసుకుని పడుకుంది.

నైరా చెయ్యి పట్టి లాగింది. "లెయ్ అవ్వా. కోపంలో అంటి."

"అంటివిలే. అబద్ధమేం కాదు గదా."

"అందరం పోసినాం. నీ తప్పేం లేదు," అన్నాడు సెవెరో. వెనక నిలబడ్డవాళ్లంతా అదే మాటన్నారు.

"సరే సరే, పొండి. నా నిద్ర చెడగొట్టద్దండి. పిల్లా, ఉడుకుడుకుగా తిను. సల్లారబెట్టుకోవద్దు." అని లోపలి మీట నొక్కేసుకుంది. చలి మొదలయ్యాక మధ్యలో మూత తీస్తే మనిషి దక్కదు. అద్దం మంచు పట్టేదాకా నైరా పిలుస్తూనే ఉంది.

ఆ తర్వాత నెలల తరబడి నైరా తీగలు అతుకుతూ, తీరిక దొరికితే చలిపెట్టె పక్కన కూర్చుని అద్దంతో మాట్లాడుతూ గడిపింది. లేచాక చెప్పుకోవలసిన క్షమాపణ రోజూ ఒప్పజెప్పుకునేది. రోజూ ఒక మాట మార్చేది.

సాయం ఓడ వచ్చింది. మెలకువగా ఉన్నవాళ్లంతా బతికారు. ఆ ఓడ వైద్యుడు చలిపెట్టె తెరిచి, అవ్వను నెమ్మదిగా వెచ్చబరిచాడు. నైరా ఆమె అరికాళ్లు రుద్దుతూ, ఒప్పజెప్పుకున్న మాటలన్నీ చెప్పేసింది. వైద్యుడు గుండె మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి తల అడ్డంగా ఊపాడు. నైరా రుద్దడం ఆపలేదు. అతను రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

సెవెరో ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన కళ్లూ కారుతున్నాయి.

"నీ తప్పేం లేదు పిల్లా," అన్నాడు.

"అవ్వకూ ఇదే చెప్తిరి గదా మామా," అంది నైరా. "నమ్మిందా?"