కోటయ్య బాబాయి, పేరు లేని గడియారం

కిరోసిన్‌లో కడిగిన ఇత్తడి వాసన తగిలితే ఇప్పటికీ నేను పక్కకు తిరిగి చూస్తాను. రోజూ చేసే పనే, అయినా పాత గడియారం మిషను కడిగి ఆరబెట్టినప్పుడల్లా కోటయ్య బాబాయి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

బాబాయి అంటే బంధువు కాదు. నరసరావుపేటలో ఈ కొట్టు ఆయనదే, నాకు పని నేర్పిందీ ఆయనే. నోరు మహా దురుసు. పేరు లేని గోడగడియారం ఎవరైనా తెస్తే, కళ్ళు మూసుకుని గంట మోత విని అది ఎక్కడ, ఎవరు చేసిందో చెప్పేవాడు. మాచర్ల దాకా ఆయన మాటకు తిరుగులేదు. చివర్లో చూపు మందగించింది. కొట్టు మూసెయ్యమని ఇంట్లో ఒకటే పోరు. "తప్పు చెప్పిన్నాడు నేనే మూస్తాలే" అనేవాడు. ఆ మాట వింటే నాకు భయం వేసేది.

ఒకరోజు కారంపూడి నుంచి రమణమ్మ గారు తన మామగారి గడియారం తెచ్చింది. కొనేవాళ్ళు కుదిరారట. ఎవరు చేసిందో బాబాయి కాగితం మీద రాసిస్తే చాలన్నారట. బాబాయి గంట కొట్టించి విన్నాడు.

"జర్మనీదమ్మా. అనుమానం లేదు" అని కాగితం అందుకున్నాడు.

ఆయన కలం వెతుక్కునేలోగా నేను కడగడానికి మిషను విప్పాను. మా పనిలో ఒక అలవాటుంది. బాగుచేసినవాడు లోపలి ఇత్తడి పలక మీద సూదితో తన గుర్తు గీస్తాడు, ఏం మార్చాడో కూడా. భూతద్దంలో చూస్తే బాబాయి గుర్తు 'కో' అని, పక్కనే 'గంట' అని ఉంది. ఎప్పుడో చెడిన గంట తీసి, వేరే జర్మనీ గడియారం గంట దీనికి బిగించింది ఆయనే. మరిచిపోయి, తాను వేసిన గంటనే విని తీర్పు చెబుతున్నాడు. నేను చెబితే కొట్టు మూస్తాడు, చెప్పకపోతే అబద్ధం కింద ఆయన సంతకం ఉంటుంది. ఆయన రాయడం మొదలుపెట్టాక గానీ చెప్పలేదు.

"బాబాయ్, ఇది నువ్వు మార్చిన గంట."

ఆయన పలక తీసుకుని ఆ గీతల్ని గోటితో తడిమాడు.

"ఎప్పుడు చూశావురా?"

"విప్పంగానే."

"మరి ఇందాకట్నించి ఏందిరా ఆలోచన? ఆమె పని కంటే నా మొహం ఎక్కువయిందా?"

రమణమ్మ గారి వైపు తిరిగి, "చేసినోడెవరో నాకు తెలవదమ్మా. గంట మాత్రం నేనేసిందే. అదే రాసిస్తా" అన్నాడు. ఆమె మొహం చిన్నబోయింది. బేరం ఏమైందో మాకు తెలియలేదు.

మర్నాడు తాళం చూడాల్సి వస్తుందని బెంగగా వచ్చాను. కొట్టు తెరిచే ఉంది. "ఇకనుంచి చూసేది నువ్వు. నేను తప్పు చెబితే అప్పుడే అడ్డం పడు" అన్నాడు. మరో నాలుగేళ్ళు అలాగే పనిచేశాం.

ఇప్పుడు నా చూపూ మసకేస్తోంది. నా దగ్గర పనికి చేరిన సుజాతకు మొదటిరోజే బాబాయి మాట చెప్పాను. సరేనంది. ఆరు నెలలైంది, ఒక్కసారీ అడ్డం పడలేదు. నేను అన్నీ సరిగానే చెబుతున్నానో, నా మొహం చూసి ఆమె ఊరుకుంటోందో తెలియడం లేదు.