రాజవ్వ చిన్నమ్మ కోసం మార్చి చదివిన నవల

మా చిన్నప్పుడు కోరుట్లలో, మా వాడకట్టులో నవల చదవాలంటే ముందు గొంతు గట్టిగా ఉండాలి... ఎందుకంటే చదివేది ఒక్కరు, వినేవాళ్లు ఆరుగురు.

ఆదివారం అన్నాలు తిన్నాక అందరూ మా ఇంటి ముందు రేకుల కింద చేరేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు... చేతులు బీడీలు చుడుతుంటే చెవులు నా వైపు ఉండేవి. అమ్మకు ఆకు కత్తిరించి ఇవ్వడం నా పని. నేను చదువుతుంటే ఆ పని ఆగిపోతుంది కదా... అందుకని తలా ఇంత ఆకు కత్తిరించి అమ్మ చాటలో వేసేవాళ్లు. నా చదువుకు అంత గౌరవం మళ్లీ ఎక్కడా దక్కలేదు.

బస్టాండు దగ్గర అద్దెకు దొరికే నవలలు అవి. వినేవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. అయినా అంత మంచి పాఠకులను నేను ఇంతవరకు చూడలేదు... నిజంగా చెప్తున్నా. హీరోయిన్ నాలుగు పేజీలు ఏడ్చిందంటే మా పక్కింటి ముత్తవ్వ ఊరుకునేది కాదు.

"పొద్దంత ఏడుసుకుంట కూసుంటే ఇంట్ల వంట ఎవలు జేస్తున్నరే?" అనేది.

వెనక్కి తిప్పి చూస్తే నిజమే... ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినవాళ్లే లేరు.

అందరికంటే శ్రద్ధగా వినేది రాజవ్వ చిన్నమ్మ, మా అమ్మ చెల్లెలు. చిన్నాయన మస్కట్ పోయి మూడేళ్లు. ఆయన రాసే ఉత్తరాలు కూడా చిన్నమ్మకు నేనే చదివి వినిపించేదాన్ని. ఆ యేడు ఉగాది నుంచి ఉత్తరం లేదు... బతుకమ్మ దగ్గరికొచ్చినా లేదు. పైకి ఏమీ అనేది కాదు. పోస్టుమాన్ సైకిల్ మా గల్లీ దాటిపోయాక మాత్రం ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

సరిగ్గా అప్పుడే నేను తెచ్చిన నవలలో కూడా భర్త దూరదేశం పోతాడు. మూడు ఆదివారాలు చదివాను. నాలుగో ఆదివారానికి ముందురోజే చివరి పేజీలు తొంగిచూశాను. ఆయన తిరిగి రాడు... అక్కడే ఇంకో సంసారం పెట్టుకుంటాడు.

ఆదివారం ఆ చోటికి వచ్చేసరికి చిన్నమ్మ చుట్టడం ఆపి నన్నే చూస్తోంది. నా వల్ల కాలేదు. పుస్తకంలోకి చూస్తూనే సొంతంగా చెప్పేశాను... పొద్దున్నే రిక్షా ఆగిందని, ఆయన దిగాడని, ఆమె ఎదురు ఉరికిందని.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "పోనీ... బతికిపోయింది పిల్ల" అంది ముత్తవ్వ.

చిన్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"గిది పుస్తకంల ఉన్నది గాదు బిడ్డ. గిన్ని దినాలు ఎవ్వలి మీద జాలి జూపకుంట రాసినోడు, ఆఖరుకు గిట్ల రాయడు. ఇన్నేండ్లు యాడున్నవని ఆమె ఒక్క మాటన్న అడగదా? నువ్వే కల్పించినవు."

నేను తల దించుకున్నాను. చిన్నమ్మ చాట పక్కన పెట్టి, మెల్లగా అడిగింది.

"నా ఉత్తరాలు గూడ గిట్లనే సదివినవా?"

నాకు ఏడుపు ఆగలేదు. లేదు చిన్నమ్మా, ఒట్టు అన్నాను... నమ్మిందో లేదో తెలియలేదు. "అసలుది సదువు" అంది. వెక్కుతూనే చదివాను. ఆ భార్య కొన్నాళ్లు ఏడుస్తుంది, తర్వాత పిల్లల్ని బడికి పంపి పనికి పోతుంది. అంతటితో నవల అయిపోతుంది.

"మంచిగ రాసిండు" అంది చిన్నమ్మ.

దసరా పోయాక ఉత్తరం వచ్చింది. చిన్నమ్మ ఇంక నా దగ్గరికి తేదనుకున్నాను... తెచ్చింది. నా ముందు కూర్చుని, "నా మొకం సూడకు, కాయితం సూసి సదువు" అంది.

కంపెనీ మూతపడిందట. వేరేచోట పనిలో చేరాడట. ఇంకో రెండేళ్లు రాలేనని రాశాడు. ఒక్క అక్షరం వదలకుండా, ఒక్క అక్షరం కలపకుండా చదివాను. చిన్నమ్మ చివరిదాకా విని, నా తల నిమిరి, ఉత్తరం తీసుకుని వెళ్లిపోయింది.

చిన్నాయన రెండేళ్లకు వచ్చాడు. ఇది మాత్రం నేను కల్పించలేదు.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. మొన్న సరదాకి ఒక కొత్త నవల చదివాను. రచయిత్రి ఎక్కడా ఎవరినీ ఊరడించలేదు... ఎంత నచ్చిందో చెప్పలేను. ఒక పేజీ ఎవరికైనా పైకి చదివి వినిపిద్దామని ఇవతలి గదిలోకి వచ్చాను. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ల చెవుల్లో... మళ్లీ లోపలికి పోయి నాలో నేనే చదువుకున్నాను.

మీరు ఎప్పుడైనా, ఎవరికైనా నవల పైకి చదివి వినిపించారా? విని వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి... మార్చకుండా.