టీచరమ్మకు ఒక రోజు పని

జంట లేని మనిషిని మా ఎత్తు మైదానాల్లో నిండు మనిషిగా చూడరు. పద్ధతంటే పద్ధతే, ఏం చేస్తాం! ఫెలిసా చుకిమియాకు అరవై ఒకటి నిండాయి. ఊళ్ళో జంటలకు వంతులవారీగా వచ్చే పెద్దరికం ఒక్కసారి కూడా ఆమె గుమ్మానికి రాలేదు. పోతే పోయింది, పెద్దరికం ఎవడిక్కావాలి? ఆమెను తొలిచేసింది వేరే. ఐనీకి ఆమెను ఎవరూ పిలిచేవారు కారు. నువ్వొక రోజు నా చేలో బంగాళాదుంప తవ్వితే, నేనొక రోజు నీ చేలో తవ్వాలి. అదే ఐనీ. ఆలుమగలున్న ఇంటివాళ్ళు ఒంటి మనిషితో పని మార్చుకుంటారా? తల్లి పోయాక పదకొండేళ్ళు ఫెలిసా తన దుంపలు తనే తవ్వుకుంది, తను మేపుకునే లామాలతోనే మాట్లాడుకుంది.

అలాంటి ఇంటికి పోయినేడు మునిసిపాలిటీ వాళ్ళు ఒక టాబ్లెట్ ఇచ్చారు. చదువురాని పెద్దవాళ్ళకు మా ఐమారా భాషలో అక్షరాలు నేర్పే పాఠాలున్నాయి అందులో. తెర మీద టీచరు పేరు నిన్ఫా. ఫెలిసా పొయ్యి పక్కన కూర్చుని దిద్దింది, తప్పు రాసింది, తనను తనే తిట్టుకుంది, మళ్ళీ దిద్దింది. నలభై పాఠాలు! తన పేరు తను రాసుకున్న రోజు, చూసి మెచ్చుకోవడానికి ఇంట్లో ఇంకో ప్రాణి లేదు.

మే నెలలో టాబ్లెట్ వెనక్కి తీసుకోవడానికి మునిసిపాలిటీ మనిషి రుఫినో వచ్చాడు.

"పాసయ్యావు పిన్నీ! ఇక దీన్ని పక్క ఊరికివ్వాలి."

"సరే నాయనా. నిన్ఫా టీచరమ్మ ఇల్లెక్కడ? ఆవిడకు నేను పని చెయ్యాలిగా."

రుఫినో పకపకా నవ్వాడు. "పనేంటి పిన్నీ! అదెప్పుడో రికార్డు చేసింది."

"నాకు తెలీదనుకున్నావా? నేనూ రేడియో వింటూ పెరిగినదాన్నే. రికార్డయితే మాత్రం, నోరు నొప్పెట్టింది ఆవిడకేగా? నలభై రోజులు నాకు చెప్పింది. నేను ఒక్క రోజన్నా చెయ్యకపోతే నలుగురూ నా మొహాన ఉమ్మరూ?"

రుఫినో నవ్వడం మానేసి, అక్కడా ఇక్కడా ఫోన్లు చేసి చిరునామా సంపాదించి రాసిచ్చాడు.

ఐనీకి వెళ్ళేవాళ్ళు తమ పనిముట్టు తామే తీసుకెళ్ళాలి. ఫెలిసా గునపం భుజాన వేసుకుని బస్సెక్కింది.

"ఏంటమ్మా, ఎల్ ఆల్టో పట్నంలో సిమెంటు తవ్వుతావా?" అన్నాడు డ్రైవరు.

"ముందు నీ బుర్ర తవ్వుతా, బండి పోనీ!" అంది. బస్సంతా గొల్లుమంది. ఆమెకు ఎంత సంతోషమో! ఇన్నేళ్ళకు తను కూడా ఒకరికి పని బాకీ ఉంది. పట్నంలో దిగి, బోర్డులు కూడబలుక్కుంటూ, ఎవరినీ అడక్కుండా ఆ వీధి తనే పట్టుకుంది.

మూడో అంతస్తులో తలుపు తీసింది నిన్ఫా. చేతిలో గరిటె.

"ఎవరు కావాలండీ?"

"నీ దగ్గర చదువుకున్నాను టీచరమ్మా, ఫెలిసాను. ఐనీ తీర్చడానికొచ్చాను. చేను లేకపోతే బట్టలుతుకుతా, ఉన్ని వడుకుతా. ఏం చెయ్యమంటావు?"

నిన్ఫాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఫెలిసా రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, వేడివేడి సూప్ పోసింది. "ఇంత దూరం వచ్చారా అమ్మా! నాకేం చెయ్యక్కర్లేదు. ఆ పని నాకు ఉద్యోగం, జీతమిచ్చారు. మీరు నాకేమీ బాకీ లేరు."

"ఒక్క పూటన్నా?"

"ఛ, పెద్దవారిచేత పని చేయించుకుంటానా!"

ఫెలిసా తాగిన గిన్నె కడగబోతే నిన్ఫా ఆ గిన్నె కూడా చేతిలోంచి లాక్కుంది. మంచిమనిషే, పాపం. కానీ ఒకరికొకరు బాకీ ఉంటేనే కదా రేపు మళ్ళీ ఒకరి గడప ఒకరు తొక్కేది! అది ఆ పట్నం పిల్లకు ఎవరు చెప్పాలి?

తిరుగు బస్సులో పక్కనున్న ఆడమనిషి గునపం చూసి పలకరించింది.

"ఐనీకెళ్ళొస్తున్నావా అక్కా?"

"అవునమ్మా."

"తీరిందా?"

"తీరిపోయిందంట," అంది ఫెలిసా, ఆ మాటతోనే బస్సంతా చూస్తుండగా బావురుమంది.