సుబ్బరత్నమ్మకు పుట్టిన రోత

సుబ్బరత్నమ్మకు చిన్ననాటినుంచీ రోత ఎక్కువ. ఒకరు ఎంగిలి చేసిన లోటా ఇంకొకరు ముట్టుకుంటే చాలు, ఆమె దాన్ని మూడుసార్లు తోమేది. పుల్లంపేట పక్క పల్లెనుంచి కువైట్ వచ్చి మిష్రిఫ్‌లోని ఒక విల్లాలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. ఆ ఇంటి వంటగది నేలమీద అన్నం పెట్టుకుని తినవచ్చు, అంత శుభ్రం.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం ఊళ్లోకి దిగేనాటికి ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురే. సుబ్బరత్నమ్మ, కళ్లు సరిగా కనపడని ముసలి నాయనమ్మ, పదహారేళ్ల మనవరాలు హనాన్. పిల్లలూ పనివాళ్లూ మామా అని పిలిచే యజమానురాలు, ఆమె భర్త, ఇద్దరు మగపిల్లలు జూలైలోనే లండన్ పోయారు. హనాన్‌ను మాత్రం వదిలేసిపోయారు. ఆ పిల్ల ఆరునెలలుగా బడికి పోవడం లేదు, స్నానం చేయదు, పలకరిస్తే గోడవైపు తిరుగుతుంది. లండన్‌లో చుట్టాల ముందు అట్లా పడుకుంటే పరువు పోతుందని మామా ఏమాత్రం దాపరికం లేకుండా చెప్పింది. పోయేముందు ఎవరో మంత్రగాడిని పిలిపించి, పిల్ల చెవిదగ్గర గంటసేపు అరిపించింది కూడా. అది చూసి సుబ్బరత్నమ్మ మొహం తిప్పుకుందే కానీ, తనకు మాత్రం ఆ పిల్లంటే ఏం ప్రేమ ఉంది కనుక? తిని పడుకునే పిల్ల, కలిగినోళ్ల బద్ధకం అనుకునేది.

సైన్యం వచ్చిన పదో రోజున, చెత్తబండ్లు రాక వీధంతా కంపు కొడుతూ ఉంటే, ఇంట్లోనూ అదే కంపు తగిలింది. వెతుక్కుంటూ పోయి హనాన్ గది తలుపు తీసింది. మంచం కింద ఎనిమిది పళ్లేలు. వాటిలో బూజు పట్టిన అన్నం, బారులు తీరిన చీమలు. పిల్ల జుట్టు అట్టకట్టి ఉంది. దిండుమీద చొంగ మరకలు. సుబ్బరత్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిట్టడానికే నోరు తెరిచింది. హనాన్ తల తిప్పి ఆమెవైపు చూసింది. ఆ చూపులో కోపంగానీ పొగరుగానీ ఏమీ లేదు. అసలేమీ లేదు. సుబ్బరత్నమ్మ తిట్టలేదు, వంగి పళ్లేలు ఒక్కొక్కటీ బయటికి తీసింది.

ఆ చూపు ఆమెకు కొత్తది కాదు. పదిహేనేళ్ల కిందట ఆమె చెల్లెలు ఇట్లాగే పొయ్యి దగ్గరికి పోవడం మానేసింది, తల దువ్వుకోవడం మానేసింది. ఇంట్లోవాళ్లు ముందు బద్ధకమన్నారు, తర్వాత గాలి సోకిందన్నారు, చివరికి ఒకడిని పిలిపించి వాతలు పెట్టించారు. అప్పుడు చెల్లెలి కాళ్లు కదలకుండా పట్టుకున్నది సుబ్బరత్నమ్మే. నెల తిరక్కుండా ఆ పిల్ల పోయింది. ఎట్లా పోయిందో ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పలేదు. లోకంలో ఆమెకు ఎన్నిటిమీదో రోత. తన రెండు చేతులమీద ఉన్నంత రోత మాత్రం దేనిమీదా లేదు.

మర్నాడు రొట్టెల కోసం జమియా అనే సహకార కొట్టు దగ్గర వరుసలో నిలబడితే వెనకనుంచి తెలుగు వినపడింది. మాట్లాడుతున్నది అమలాపురం దగ్గరినుంచి వచ్చిన రమాదేవి అనే డాక్టరమ్మ. మనసు జబ్బులకు వైద్యం చేస్తుంది. తోటి డాక్టర్లు సగంమంది వెళ్లిపోయినా ఆమె ఇంకా ఆసుపత్రికి నడిచిపోయి వస్తోంది. సుబ్బరత్నమ్మ సిగ్గు విడిచి సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ రొట్టెలు తీసుకుని నేరుగా ఆమె వెంట వచ్చేసింది.

గదిలోకి పోయి ముక్కు మూసుకోకుండా మంచం పక్కన కింద కూర్చుంది. గంటసేపు ఉంది. హనాన్ నాలుగు మాటలకు మించి మాట్లాడలేదు. బయటికి వచ్చాక డాక్టరమ్మ చెప్పింది:

"ఇది బద్ధకం కాదండి సుబ్బరత్నమ్మగారూ, జబ్బు. డిప్రెషన్ అంటారు. ఈ వయసు పిల్లలకీ వస్తుంది. మాత్రలు పంపిస్తాను. మీ దగ్గరే దాచి రోజుకొకటి మీ చేత్తో ఇవ్వండి. మూడు నాలుగు వారాలదాకా తేడా కనపడదు, అయినా ఆపకండి. తిట్టకండి, బతిమాలకండి. రోజుకో చిన్న పని చేయించండి చాలు. ఇంకోటండీ. చచ్చిపోవాలనుందా అని సూటిగా అడగండి. నేనడిగితే చెప్పలేదు."

"అట్ల అడిగితే లేని ఆలోచన పుట్టదా అమ్మా?"

"పుట్టదండి. ఉంటే బయటికి వస్తుంది."

ఆ మాట అడగడానికి సుబ్బరత్నమ్మకు మూడు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం గోరువెచ్చని నీళ్లలో గుడ్డ తడిపి పిల్ల పాదాలు తుడుస్తూ, వచ్చీరాని అరబ్బీలో అడిగేసింది. హనాన్ పైకప్పు చూస్తూ, "రోజూ అనిపిస్తుంది," అంది. "ఇదివరకు ఎవరూ అడగలేదు." సుబ్బరత్నమ్మ ఆ పాదం వదల్లేదు. ఆ రోజే డాక్టరమ్మ పంపిన మాత్రలతోపాటు నాయనమ్మ మందులన్నీ పిల్ల చేతికి అందకుండా తన పెట్టెలో పెట్టి తాళం వేసింది, తన చాప తెచ్చి ఆ గదిలోనే పరుచుకుంది.

మొదటి వారం పని, లేచి కిటికీ తెర పక్కకు లాగడం. తర్వాత తన పళ్లెం తానే వంటగదికి తేవడం. కొన్నిరోజులు అదీ జరిగేది కాదు. అట్టకట్టిన జుట్టుకు నూనె పెట్టి చిక్కు తీయడానికి నాలుగు రోజులు పట్టింది. ఒకపక్క నాయనమ్మ సణుగుడు. మనవరాలికి పిచ్చని వీధిలో తెలిస్తే ఎట్లాగని. బయట సైనికులు ఇళ్లు దోచుకుపోతుంటే ఈ ముసలామెకు వీధివాళ్ల మాటే బరువైందా అని సుబ్బరత్నమ్మకు వెగటు పుట్టింది.

సెప్టెంబరులో ఒక పగలు ఆ సైనికులు ఈ ఇంటికీ వచ్చారు. టీవీ మోశారు, ఫ్రిజ్ మోశారు, సుబ్బరత్నమ్మ పెట్టెనూ మోశారు. ఒకడు హనాన్ గదిలోకి తొంగిచూసి, పగలు పడుకున్న రాణిగారని ఎగతాళి చేసి, తెల్లటి గచ్చుమీద ఉమ్మేశాడు. పెట్టెలో మాత్రలున్నాయి. సుబ్బరత్నమ్మ లారీదాకా వెంటపడి, పిల్లకు మందు, పిల్లకు మందు అని అరబ్బీలో మొరపెట్టుకుంది. వాడు విసుక్కుని తాళం పగలగొట్టి, చీరలు ఉంచుకుని, మందుల డబ్బాను నెలరోజులుగా కుళ్లుతున్న చెత్తకుప్పమీదికి విసిరాడు. ఆమె మోకాళ్లమీద కూర్చుని, పురుగులు పాకుతున్న ఆ చెత్తలో చేతులు పెట్టి ఒక్కొక్క మాత్రల అట్టా ఏరుకుంది. ఏరినంతసేపూ వాంతి వస్తూనే ఉంది. తల ఎత్తేసరికి హనాన్ గేటు దగ్గర నిలబడి ఉంది. ఇన్ని నెలల్లో ఆ పిల్ల గడప దాటింది అదే మొదలు. లోపలికి పోయి బకెట్టుతో నీళ్లు తెచ్చి ఆమె చేతులమీద పోసింది.

ఆ నెలాఖరున షువైఖ్‌లో మెకానిక్కుగా పనిచేసే పెదనాన్న కొడుకు పెద్దన్న వచ్చాడు. బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ పోయే బస్సులో తావుందని, అక్కడినుంచి విమానంలో బొంబాయి పంపిస్తారని చెప్పాడు.

"నువ్వు పో అన్నా. ఈ పిల్లను ఇట్ల ఇడిసిపెట్టి నేను రాలేను," అంది.

"ఎవుర్తి బిడ్డకో నువ్వు సస్తావా? దాని కన్నతల్లే ఇడిసిపెట్టి పాయె గదా."

"అందుకే రానంటాండా."

పెద్దన్న తిట్టుకుంటూ పోయాడు. ఆమె ఆ రాత్రంతా భయపడింది కానీ, మనసు మార్చుకోలేదు.

మందులు దొరకని వారాలున్నాయి, హనాన్ మళ్లీ గోడవైపు తిరిగిన రోజులున్నాయి. అయినా చలికాలానికి ఆ పిల్ల తన స్నానం తాను చేసుకుంటోంది, నాయనమ్మకు టీ కాస్తోంది. ఫిబ్రవరిలో సైన్యం పారిపోయింది. తగలబడుతున్న చమురుబావుల పొగకు పగలే దీపాలు పెట్టుకునే రోజుల్లో, మే నెలలో మామా తిరిగివచ్చింది. కూతురిని కావిలించుకుంది, ఏడ్చింది. అంతవరకు బాగానే ఉంది. వంటగది అలమరలో మాత్రలు చూసేసరికి ఆమె మొహం మారింది. పిచ్చిదాని మందులు ఇంట్లో ఉంటే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు, ఈ రోజుతో ఖలాస్, మానేయమంది.

హనాన్ తల్లికి ఎదురుగా నిలబడింది. "నేను మానను," అంది మెల్లగా. "నేను బతికున్నాను చూడు మామా. ఈ మాత్రలు, ఈమె లేకపోతే ఉండేదాన్ని కాదు."

మామా ఆ మాటకు కూతురివైపు చూడలేదు. నా పిల్లకు ఇవన్నీ నేర్పింది నువ్వేనని సుబ్బరత్నమ్మవైపు తిరిగింది. అంత మాట విన్నాక కూడా తల్లికి పరువే కనపడింది. సుబ్బరత్నమ్మకు చెత్తకుప్పదగ్గర కూడా అంత రోత పుట్టలేదు. వారంలోగా ఆమెను పనిలోనుంచి తీసేశారు. డాక్టరమ్మ తన ఆసుపత్రిలో వార్డు పని ఇప్పించింది.

హనాన్‌ను ఆసుపత్రికి పంపడానికి తల్లి ఒప్పుకోలేదు. అప్పుడు సణిగిన నాయనమ్మే, తనకు టీ కాచి ఇచ్చిన పిల్ల మళ్లీ మంచం పట్టకూడదని డ్రైవరును పిలిచి, తనకు కళ్లు చూపించుకోవాలని చెప్పి, నెలకోసారి మనవరాలిని వెంట తెచ్చేది. పిల్ల మళ్లీ బడిలో చేరింది, తనకంటే చిన్నవాళ్ల తరగతిలో. ఆ డిసెంబరులో పది రోజులు మళ్లీ మంచం దిగలేకపోయింది. పదకొండో రోజున తానే డాక్టరమ్మకు ఫోన్ చేసింది.