నిలవ ఉంచిన సముద్రపు నీళ్ళు

తొంభైల చివర నేనూ మా తమ్ముడూ నరసాపురంలో ఉండేవాళ్ళం. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. వాడు మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో పనిచేసేవాడు. మా ముందుగదిలో వాడు పెట్టిన ఉప్పునీటి తొట్టె ఉండేది. రెండున్నర అడుగుల గాజు తొట్టె. అందులో కొన్ని రాళ్ళు, వాటి మీద నాలుగైదు పగడపు జీవాలు, మద్రాసు నుంచి తెచ్చిన ఒక ఆల్చిప్ప పిల్ల.

అది మామిడి టెంక కన్నా చిన్నది. తెరుచుకుంటే నీలం రంగు కండ చిప్ప అంచు దాటి బయటికి పరుచుకునేది. వెలుతురే దానికి సగం తిండి అని, అందుకే నాలుగు ట్యూబ్‌లైట్లు పెట్టానని వాడు చెప్పాడు. చిప్ప పెరగడానికి సున్నం కావాలి. గుల్లలు కాల్చిన సున్నాన్ని సీసాలో కలిపి, పైకి తేరిన నీళ్ళు మాత్రం రోజూ చుక్కలు చుక్కలుగా పోసేవాడు. చిప్ప అంచున కొత్తగా తెల్లటి గీత కనిపిస్తే నన్ను పిలిచి చూపించేవాడు.

పొద్దున్న ఏడింటికి అరచెయ్యి ఒకసారి తొట్టె మీదుగా తిప్పేవాడు. నీడ పడగానే ఆల్చిప్ప ముడుచుకునేది. "పలికిందన్నయ్యా" అని నాకు వినపడేలా చెప్పి స్నానానికి వెళ్ళేవాడు. నేను పేపరు లోంచి తల ఎత్తేవాణ్ణి కాదు.

నెలకోసారి తొట్టెలో కొంత నీరు మార్చాలి. గోదావరికి వరదల ఎర్రనీరు వచ్చాక మా వైపు సముద్రం ఉప్పు తగ్గి చప్పబడిపోతుంది. అందుకని వానలకు ముందే నాలుగు డబ్బాల సముద్రపు నీళ్ళు తెచ్చి వరండాలో మూతలు బిగించి పెట్టేవాడు.

ఆ ఏడు శ్రావణంలో పని నుంచి వస్తూ రోడ్డు మీద లారీ తగిలి పోయాడు.

కర్మలన్నీ మా పెద్దమ్మ వచ్చి దగ్గరుండి జరిపించింది. పదో రోజున నేను రేవు నుంచి తిరిగి వచ్చేసరికి ఇల్లంతా కడిగి ఉంది. బిందెలు, బకెట్లు బోర్లించి ఉన్నాయి. వాటి పక్కనే నాలుగు డబ్బాలూ బోర్లించి ఉన్నాయి.

"చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచకూడదురా. కరివేపాకు మొదట్లో పోయించేశాను" అంది. తర్వాత తొట్టె వైపు చూసి, అదీ తోడించెయ్యమంది.

నేను అడ్డంగా నిలబడ్డాను. "అందులో ప్రాణం ఉంది పెద్దమ్మా."

"ఏంటీ, ఆ నత్తగుల్లా?"

ఆవిడ వంగి కాసేపు చూసింది. "వాడిదా?" అంది. వాడిదే అన్నాను. చెంబులో మిగిలిన పసుపు నీళ్ళు గాజు మీద బయటి వైపు చల్లి వెళ్ళిపోయింది. తర్వాత ఎన్నిసార్లు తుడిచినా ఆ మూల పచ్చదనం పూర్తిగా పోలేదు.

పదిహేను రోజుల్లో కరివేపాకు మొక్క మాడిపోయింది. సముద్రం ఇంకా చప్పగానే ఉంది, తొట్టెలో నీళ్ళు మార్చే దారి లేదు. సున్నపు తేట పోస్తున్నాను, లైట్లు వేస్తున్నాను. చిప్ప అంచున తెల్లటి గీత మాత్రం ఆగిపోయింది. ఆల్చిప్ప మధ్యలో నోరు బాగా తెరుచుకుని ఉండేది. అది ఒంట్లో బాగాలేదనడానికి గుర్తని వాడు ఎప్పుడో చెప్పాడు. పొద్దున్న నేను చెయ్యి తిప్పితే చాలాసేపటికి కొంచెం కదిలేది. దాన్ని కూడా పోగొట్టుకుంటే వాడు చేసిన పనుల్లో ఇంకా సాగుతున్నది ఏదీ మిగలదు.

భాద్రపదంలో హేచరీకి వెళ్ళాను. ఎవరిని ఏమని అడగాలో కూడా అనుకోలేదు. వాడితో పనిచేసిన ఒకాయన నన్ను గుర్తుపట్టి, షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు.

"ఇవి ఆయనవేనండి. ఎవరూ ముట్టుకోలేదు" అన్నారు.

నీళ్ళతో నిండిన డబ్బాలు రెండు. ఒక్కొక్క మూత మీద ప్లాస్టర్ అంటించి, దాని మీద వాడి చేతిరాతతో 'ఇల్లు' అని ఉంది.

మొదటి డబ్బా ఆ రోజే కొంచెం కొంచెంగా పోశాను. నాలుగో రోజుకి ఆల్చిప్ప సరిగ్గా తెరుచుకుంది. రెండోదాన్ని మాత్రం నెలా పది రోజులు అలాగే ఉంచాను. వాడు నింపిన నీళ్ళల్లో అదే ఆఖరిది. అంచున కనిపించీ కనిపించనట్టు వచ్చిన తెల్లటి గీత మళ్ళీ ఆగిపోయిందని తెలిశాక, మూత తీసి పోశాను. ప్లాస్టర్ ఊడదీయలేదు.

మర్నాడు పొద్దున్న కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. తొట్టెకీ నాకూ మధ్య గది పొడవంతా ఉంది. ఏడు కొట్టింది. నేను ఇంకా లేవలేదు. ఆల్చిప్ప ఒక్కసారిగా ముడుచుకుంది.

కిటికీ మూసి ఉంది. బయట తీగ మీద బట్టలు లేవు. పక్షి నీడ పడి ఉండవచ్చు. గదిలో పక్షి నీడ ఎలా పడుతుందో నాకు తెలియదు.

స్నానాల గది వైపు చూశాను. తలుపు తెరిచే ఉంది. పేపరు మడిచి పక్కన పెట్టి, అది మళ్ళీ తెరుచుకునే దాకా చూస్తూ కూర్చున్నాను.

"పలికిందిరా" అన్నాను.