ఓయార్స్ నోరు విప్పని పదహారు రోజులు

లింబాజి ఊళ్ళో ఓయార్స్ గొంతు తెలియనివాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళుగా రాజధాని రీగాకు బస్సు నడుపుతున్న మనిషి. స్టాపు పేరు చెప్పడానికి అతనికి ఏనాడూ మైకు అవసరపడలేదు. వెనక సీట్లో కునుకు తీస్తున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి సంచులు వెతుక్కునేవాళ్ళు. ఊరి గాయకబృందంలో అందరికన్నా కింది స్వరం అతనిదే. బృందాన్ని నడిపే సోల్వీత నోట మెచ్చుకోలు మాట రావడం అరుదు. అలాంటి ఆమె కూడా ఓయార్స్ ఒక్కరోజు రాకపోతే చాలు, పాట కాళ్ళకింద నేల లేనట్టుందని విసుక్కునేది.

రెండువేల ఇరవైమూడు మామూలు ఏడాది కాదు. అయిదేళ్ళకోసారి వచ్చే పాటల పండగ ఆ జులైలోనే. పైగా మొదటి పండగ జరిగి అప్పటికి నూట యాభై ఏళ్ళు. ఏప్రిల్లో బృందాలకు ఎంపిక పోటీ జరిగింది. లింబాజి బృందం నెగ్గింది, కానీ రెండో పాటలో బాగా కిందికి దిగే చోట ఓయార్స్ గొంతు చిరిగిన గుడ్డలా పలికింది. చలికాలం నుంచీ బొంగురుగానే ఉంది. భార్య ఔస్మా రోజూ లిండెన్ పూల టీలో తేనె కలిపి ఇస్తూనే ఉంది, అతను తాగుతూనే ఉన్నాడు. పోటీ అయ్యాక సోల్వీత అతన్ని మెట్ల దగ్గర ఆపింది.

"డాక్టరుకి చూపించుకోకుండా మళ్ళీ ప్రాక్టీసుకి రాకండి. వచ్చినా పాడనివ్వను" అంది.

రీగాలో డాక్టరమ్మ గొంతులోకి సన్నటి గొట్టం దించి చూసి, స్వరతంత్రి మీద బుడిపె ఉందని చెప్పింది. తీసి పరీక్షకు పంపాలంది. ఓయార్స్ తండ్రి గొంతు క్యాన్సరుతో పోయాడు. ఆ సంగతి భార్యాభర్తలిద్దరికీ తెలుసు కాబట్టి ఇంటికి వచ్చే దారంతా బంగాళాదుంపలు ఎప్పుడు నాటాలా అని మాట్లాడుకున్నారు.

మే పదిహేనున ఆపరేషన్ అయింది. పరీక్ష ఫలితం ఇరవై తొమ్మిది, సోమవారం ఉదయం చెబుతామన్నారు. అందాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస అసలే పనికిరాదు, దగ్గు వచ్చినా మింగెయ్యాలి. ఔస్మా ఒక చిన్న నోటుపుస్తకానికి దారం కట్టి అతని మెడలో వేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశానికి ఐస్ హాకీ పిచ్చి పట్టింది. ప్రపంచ పోటీల్లో సగం ఆటలు రీగాలోనే జరిగాయి. ఎప్పుడూ క్వార్టర్ ఫైనల్ దాటని జట్టు ఈసారి దాటింది. సెమీఫైనల్లో ఓడింది గానీ, ఆదివారం మధ్యాహ్నం పరాయి దేశంలో అమెరికాతో మూడో స్థానానికి ఆడబోతోంది. బృందంలో ఓయార్స్ పక్కనే నిలబడి పాడే ఏగిల్స్ ఆట చూడ్డానికి వీళ్ళింటికే వచ్చాడు. వాళ్ళింట్లో టీవీ పెద్దదే, కానీ మూగవాడి పక్కన కూర్చుని చూస్తే తన మాట తనకు బాగా వినపడుతుందని అతని వాదన.

"నీ జన్మలో నన్ను మధ్యలో ఆపకుండా ఉన్నది ఈ రెండువారాలేరా" అన్నాడు ఏగిల్స్, బ్రెడ్డు మీద పొగబెట్టిన చేప పెట్టుకుంటూ.

ఓయార్స్ పుస్తకంలో రాసి చూపించాడు: *సోమవారం దాకా వాగు.*

ఆఖరి భాగంలో మనవాళ్ళు వెనకబడ్డారు. తర్వాత సమం చేశారు. ఆట అదనపు సమయంలోకి వెళ్ళింది. ఓయార్స్‌కు తన మీద తనకే నమ్మకం పోయింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళి, ఆపిల్ చెట్టు కింద వీధి వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. నిమిషమో, నిమిషంన్నరో గడిచింది. ఉన్నట్టుండి వీధిలోని కిటికీలన్నీ ఒక్కసారి అరిచాయి. ఇంట్లోంచి కుర్చీ పడిన చప్పుడు, ఆ వెంటనే ఏగిల్స్ పొలికేక. ఓయార్స్ చెట్టుకు నుదురు ఆనించి, తువ్వాలు పళ్ళతో కొరికి పట్టుకుని, భుజాలు కుదిపేలా నవ్వాడు. చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు.

తెల్లవారి మొదటి బస్సుకే భార్యాభర్తలిద్దరూ రీగా బయల్దేరారు. ఆసుపత్రి విభాగం తలుపు వేసి ఉంది. తలుపు మీద చేత్తో రాసిన కాగితం: ఈ రోజు సెలవు, రేపు ఫోన్ చేయండి. రాత్రి బాగా పొద్దుపోయాక పార్లమెంటు సమావేశమై, హాకీ పతకానికి గౌరవంగా సోమవారం సెలవు ప్రకటించిందట. వీళ్ళు తొమ్మిదింటికే దీపం ఆర్పి పడుకున్నారు. పొద్దున్నే బస్సులో కూడా రేడియో పెట్టనివ్వలేదు ఔస్మా, అతని కంగారు చూసి.

ఔస్మా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"సంతోషంగా ఉన్నవాళ్ళకి సెలవిచ్చారు. మనకెందుకిచ్చారో" అంది.

తిరుగు బస్సు సాయంత్రం గానీ లేదు. ఏం చేయాలో తోచక ఊళ్ళోకి నడిచారు. వీధులన్నీ ముదురు ఎరుపు, తెలుపు జెండాలు. జనం స్వేచ్ఛా స్తంభం వైపు కదులుతుంటే వీళ్ళూ ఆ తోపులాటలో అటే కొట్టుకుపోయారు. విమానం దిగిన జట్టు అక్కడికే వస్తోంది. కుర్రాళ్ళు దీపస్తంభాలెక్కారు. ముసలమ్మలు బుగ్గల మీద జెండా రంగు పూసుకున్నారు. ఆటగాళ్ళు వేదిక ఎక్కగానే లేచిన అరుపుకు పావురాలు నది దాకా ఎగిరిపోయాయి. ఆ గుంపు మధ్యలో ఓయార్స్ ఒక్కడే పెదవులు బిగించి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. పక్కనున్న లావుపాటాయన అది గమనించాడు.

"ఏమయ్యా, మన దేశం కాదా నీది? నోట్లోంచి ఒక్క మాట రాదేం?"

ఓయార్స్ నోటుపుస్తకం అందుకునేలోగా ఔస్మా ముందుకొచ్చింది.

"ఈయన వంతు కూడా నేనే అరుస్తాను, మీరు అటు చూడండి" అంది.

అనడమే కాదు, అరిచింది. నలభై ఏళ్ళ కాపురంలో హాకీలో ఎంతమంది ఆడతారో కూడా అడిగి ఎరగని ఔస్మా, పశువుల డాక్టరు దగ్గర చీటీలు రాస్తూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని ఔస్మా, మెడ నరాలు ఉబ్బేలా దేశం పేరు అరిచింది. మళ్ళీ మళ్ళీ అరిచింది. మూడోసారో నాలుగోసారో అరుపు ఏడుపులోకి తిరిగింది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు కాబట్టి ఎవరూ తిరిగి చూడలేదు. లావుపాటాయన తన రుమాలు తీసి ఆమెకిచ్చాడు. ఓయార్స్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

ఆసుపత్రి వాళ్ళు బుధవారం రమ్మన్నారు. ఆ రోజే పార్లమెంటులో కొత్త అధ్యక్షుడి ఎన్నిక. వరండాలో కూర్చున్నవాళ్ళంతా ఫోన్లలో ఓట్ల లెక్క చూస్తున్నారు. మొదటి విడతలో ఎవరికీ చాలలేదు, రెండోదాంట్లోనూ అంతే. నర్సు మూడో విడత మొదలైందని చెబుతుండగా లోపలి నుంచి ఓయార్స్ పేరు పిలిచారు.

డాక్టరమ్మ కూర్చోమని కూడా అనలేదు, ముందు మాట చెప్పేసింది.

"మామూలు బుడిపే. క్యాన్సర్ కాదు. ఎక్కడా ఏమీ లేదు, శుభ్రంగా ఉంది."

తర్వాత గొంతు చూసి, గాయం మానిందని తృప్తిపడి, ఏదైనా ఒక మాట అనమంది. గుసగుస కాదు, అరుపు కాదు, మామూలుగా. ఓయార్స్ ఔస్మా వైపు తిరిగాడు. పదహారు రోజుల్లో చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ గుర్తురాలేదు.

"ఔస్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

గొంతు గరగరలాడింది, కానీ అతనిదే. ఔస్మా కుర్చీలో కూలబడి నవ్వింది. ఆసుపత్రి క్యాంటీన్లో పంది కొవ్వు, ఉల్లిపాయలతో వేపిన బఠాణీలు చెరో పళ్ళెం తిన్నారు. చాలక ఇంకో పళ్ళెం తెచ్చుకుని పంచుకున్నారు. బస్సెక్కాక ఏగిల్స్ ఫోన్ చేసి, ఫలితం విని, చప్పుడయ్యేలా ముక్కు చీదాడు. తర్వాత గొంతు సవరించుకుని, కొత్త అధ్యక్షుడి గురించి ఏమనుకుంటున్నావని అడిగాడు. ఓయార్స్ ఔస్మా వైపు చూశాడు. ఆమె భుజాలెగరేసింది. దేశం మొత్తమ్మీద అధ్యక్షుడెవరో తెలియని జంట మీరిద్దరేనని ఏగిల్స్ ఇంటిదాకా ఎగతాళి చేశాడు.

జూన్‌లో ఓయార్స్ మళ్ళీ బస్సు నడపసాగాడు. స్టాపుల పేర్లు చెప్పడానికి ఈసారి మైకు వాడాడు, డాక్టరమ్మ ఆజ్ఞ. పాట మాత్రం నెల మధ్య నుంచి, అదీ కొద్దికొద్దిగా. సోల్వీత అతన్ని ఒంటరిగా నిలబెట్టి పాడించుకుంది. విని, ముందుకన్నా సన్నబడిందనీ, శ్రుతి మాత్రం తప్పలేదనీ చెప్పి, పండగ దుస్తులు ఇస్త్రీ చేయించుకోమంది.

జులై మొదటివారమంతా బృందం రీగాలో ఒక బడిలో, బల్లలు పక్కకు జరిపి పరిచిన పరుపుల మీద పడుకుంది. ఏగిల్స్ గురకకు సగంమంది చిన్నపిల్లల తరగతి గదికి మకాం మార్చారు. ముగింపు రోజు సాయంత్రం ఎండలో పదహారువేల మంది పైచిలుకు గాయకులు వేదిక మెట్ల మీద కిక్కిరిసి నిలబడ్డారు. మొదటి పాటలో ఓయార్స్ జాగ్రత్తగా, సగం గొంతుతో పాడాడు. రెండోదాంట్లో ఇంకాస్త. నాలుగో పాటలో స్వరం కిందికి దిగే చోటు వచ్చినప్పుడు ఏగిల్స్ పక్కకు వాలి అతని నోటివైపే చూస్తున్నాడు. ఓయార్స్ దిగాడు. నొప్పి లేదు, చిరుగు లేదు. ఏగిల్స్ కళ్ళు తుడుచుకుంటూ తన వరుస తప్పి, మళ్ళీ అందుకున్నాడు. దూరంగా జనంలో ఎక్కడో ఔస్మా ఉంది. ఏ బెంచీ మీద ఉందో తెలియదు, అందుకని అందరికీ పాడాడు.

సెప్టెంబరులో బాస్కెట్‌బాల్ జట్టు ప్రపంచంలో అయిదోదైంది. ఓయార్స్ ఆటలన్నీ కూర్చుని చూశాడు, అప్పుడప్పుడు అరిచాడు. డిసెంబరులో గొంతు మళ్ళీ చూపించుకోవలసిన రోజు వచ్చింది. ఆ ఉదయం అతను గ్యారేజీలో బస్సు టైర్లు మార్పిస్తూ పూర్తిగా మరిచిపోయాడు. ఔస్మా ఫోన్ చేసి కేకలేస్తే గానీ గుర్తురాలేదు.